తలుపు తట్టడం నేర్పిన ఈల మాస్టారు

1991 జులై ఒకటో తేదీ, సోమవారం ఉదయం, మన శిక్షణ సంస్థ గేటు ఇంకా పూర్తిగా తెరుచుకోకముందే, తెల్లటి బూట్లు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో నల్లతాడుకు వేలాడే ఈలతో యువకులొకరు లోపలికి ప్రవేశించి, వ్యాయామ శిక్షకులుగా విధుల్లో చేరుతున్నట్టు సంతకం చేశారు. నాటి నుంచి నేటి వరకు అదే గేటు గుండా వచ్చి వెళ్తూ, ఎందరో యువతీయువకుల నడకనూ నడతనూ తీర్చిదిద్దిన ఆ పెద్దలు పదవీ విరమణ చేస్తున్న ఈ సందర్భంలో, వారి సేవలను తలచుకోవడం సహోద్యోగులుగా మనందరి కర్తవ్యం. నియామక పత్రంలో వారికొక పేరున్న మాట నిజమే గానీ, ఆ పేరుతో పిలిస్తే వారే వెనక్కి తిరిగి చూడరు. చేరిన కొద్దిరోజులకే విద్యార్థులు పెట్టుకున్న "ఈల మాస్టారు" అన్న పేరు, ఒక్క జీతాల విభాగంలో తప్ప, అందరి నోటా స్థిరపడిపోయింది.

మన సంస్థ పత్రిక ఈ సంచికను చదివే కుటుంబ సభ్యుల కోసం ఒక మాట. బడి చదువు ముగించిన యువతీయువకులకు ఇక్కడ వైరింగు, వెల్డింగు, కుట్టుపని, యంత్రాల మరమ్మతు నేర్పి ఉద్యోగాలకు సిద్ధం చేస్తాం. చేతులకు పని నేర్పే ఆ చోట ఒళ్ళు వంచడం నేర్పే బాధ్యతను ఈల మాస్టారు స్వీకరించారు. వర్క్‌షాపుల వెనకనున్న మైదానంలో పొద్దున్నే వారి ఈల మోగితే, ఆ పక్క వీధిలో సైకిళ్ళ మీద పోయేవాళ్ళు సైతం ఎందుకైనా మంచిదని ఆగి చూసేవారట. వంకర అన్నది వారికి గిట్టేది కాదు. వరస వంకరగా ఉన్నా, కాలరు వంకరగా ఉన్నా, ఆఖరికి గోడ గడియారం కాస్త పక్కకు ఒరిగినా, సరిచేసిగానీ ముందుకు కదిలేవారు కాదు. సహోద్యోగుల బల్లల మీది కాగితాలను కూడా వారు వెళ్తూ వెళ్తూ అంచులు కలిపి సర్దిపోయేవారనీ, ఆ తర్వాత అవి ఎవరికీ దొరికేవి కావనీ పాతవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొన్నేళ్ళకు ఆ మైదానంలో కొత్త షెడ్డు లేచింది. యంత్రాలకు చోటు దొరికింది గానీ ఈల మాస్టారికి చోటు లేకుండా పోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మన దగ్గర చదివినవారిని పనిలో పెట్టుకున్న కంపెనీల నుంచి ఒక విచిత్రమైన ఫిర్యాదు రావడం మొదలైంది. పిల్లలు పని బ్రహ్మాండంగా చేస్తున్నారు, కానీ మనుషులతో మెలగడం రావట్లేదు, అని. మరమ్మతుకు వెళ్ళిన ఇంట్లోకి బురద బూట్లతో నడిచేస్తున్నారు. ఫోను ఎత్తి "తెలీదు" అని పెట్టేస్తున్నారు. చొక్కా గుండీ ఊడితే పిన్ను గుచ్చుకుని తిరుగుతున్నారు. దానితో అప్పటి డైరెక్టరుగారు "జీవన నైపుణ్యాలు, సత్ప్రవర్తన" అన్న కొత్త పీరియడు ఒకటి సృష్టించి, దాన్ని ఖాళీగా ఉన్న ఈల మాస్టారి చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం ఇంటికి చేరిన మాస్టారికి వారి శ్రీమతిగారు పలికిన స్వాగత వచనాలు ఆవిడ అనుమతితోనే ఇక్కడ ఉదహరిస్తున్నాం. "బాగుంది. మీకు గుండీ కుట్టుకోవడం రాదు, టీ కాచుకోవడం రాదు. పక్కింటావిడ పలకరిస్తే గోడకేసి జవాబు చెప్తారు. పిల్లలకేం నేర్పుతారండీ?"

మాస్టారు నొచ్చుకోలేదు. "అయితే ముందు నాకు నేర్పు," అన్నారు. ఆ వేసవి సెలవులన్నీ ఆ వంటింట్లో తరగతులు జరిగాయి. సూదిలో దారం ఎక్కించడం, గుడ్డు పగలకుండా ఉడకబెట్టడం, తెల్లబట్టల్లో ఎర్ర రుమాలు కలవకుండా చూసుకోవడం, ఇంటికొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మాట కలపడం, ఒక్కొక్కటే వారు నేర్చుకున్నారు. మొదటిసారి గుడ్డు ఉడికినప్పుడు మాస్టారు అలవాటుకొద్దీ ఈల ఊదారని, శ్రీమతిగారి చేతిలోని గిన్నె జారిందని అంటారు. ఈనాడు మన పూర్వ విద్యార్థులు తమ ఇళ్ళలో ఎవరి చొక్కా గుండీ వాళ్ళే కుట్టుకుంటున్నారంటే, ఆ పుణ్యంలో సగభాగం ఆవిడకు దక్కాలి. ఈ మాట సంచికలో తప్పక రాయమని మాస్టారే కోరారు.

అయితే నేర్చుకున్నదాన్ని వారు తొలి రోజుల్లో తమకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో నేర్పారు. డ్రిల్లులాగా. తలుపు తట్టడం వారి మొదటి పాఠం. రెండు దెబ్బలు, ఒక అడుగు వెనక్కి, లోపలి నుంచి "రండి" అనే దాకా నిశ్చలంగా నిలబడటం, ఆ తర్వాత ప్రవేశం. ప్రతి తరగతీ ఇలాగే మొదలవ్వాలి. మాస్టారు ముందుగా గదిలోకి వెళ్ళి కూర్చుంటారు. బయట వరసకట్టిన విద్యార్థులు తలుపు తడతారు. వారు "రండి" అంటారు. సొంత తరగతి గదిలోకి అతిథుల్లా అడుగుపెట్టే ఆ వరసను చూసి వెల్డింగు విభాగంవారు పడీపడీ నవ్వేవారు. క్షమాపణ చెప్పడానికి కూడా అంచెలుండేవి. తల ఎత్తు, కళ్ళలోకి చూడు, చేసింది చెప్పు, ఆగు. ఈల మాత్రం ఊదేవారు కాదు గానీ, మెడలోంచి తీసేవారూ కాదు.

ఈ పీరియడు అవసరమా, లేక ఆ సమయం కూడా యంత్రాలకే ఇవ్వడం మేలా అని తేల్చడానికి పాలకమండలి ఒక తనిఖీ అధికారిని పంపింది. మైదానం పోయిన మాస్టారికి ఈ తరగతి కూడా పోతే ఇక సంస్థలో చేసే పనంటూ మిగలదు. ఆ సంగతి వారికీ తెలుసు, మనకూ తెలుసు. ఆ ఉదయం వారు గేటు దగ్గర అధికారి కోసం ఎదురుచూస్తుంటే, ఆయన ఇంకో గేటు నుంచి ముందే వచ్చి తరగతి గదిలో కూర్చున్నారని ఆఫీసు గుమాస్తా వచ్చి చెప్పారు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. లోపల అధికారి ఉన్నారు, బయట వరస ఉంది. తలుపు పాఠాన్ని ప్రదర్శించడానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. తామే వరస ముందు నిలబడి, రెండు దెబ్బలు కొట్టి, ఒక అడుగు వెనక్కి వేశారు.

లోపలి నుంచి "రండి" అన్న మాట వినిపించలేదు.

కాస్సేపాగి మళ్ళీ తట్టారు. జవాబు లేదు. అధికారి మన ఓర్పును పరీక్షిస్తున్నారని మాస్టారు నిశ్చయించుకుని, వెన్ను ఇంకాస్త నిటారు చేశారు. వారి వెనక వరసంతా నిటారైంది. కాలు మార్చినవాళ్ళు లేరు, దగ్గినవాళ్ళు లేరు. పీరియడు సగం గడిచిపోయింది. వరస చివర వైరింగు విభాగం అమ్మాయి ఒకామె ఉండేది. చెప్పడం పూర్తికాకముందే పని మొదలుపెడుతుందని తోటివాళ్ళు ఆమెను తొందరమ్మ అనేవారు. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "సార్, లోపలున్నాయనకి ఏమైనా అయిందేమో," అంది.

"వరస తప్పకు," అన్నారు మాస్టారు, పెదవులు కదలకుండా.

ఆ అమ్మాయి వరస తప్పింది. అందర్నీ దాటుకుని వచ్చి, "లోపలికి వస్తున్నానండీ," అని గట్టిగా చెప్పి, తలుపు తెరిచింది. వెనక బెంచీలో తనిఖీ అధికారి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బయట వాళ్ళెంత నిటారుగా ఉన్నారో అంత నిటారుగా కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి ఆయన దగ్గరికి వెళ్ళి, "ఒంట్లో బాగానే ఉందా అండీ? మంచినీళ్ళు తెమ్మంటారా?" అని అడిగింది.

"నాకేం, బాగానే ఉన్నానమ్మా," అన్నారాయన, ఇబ్బందిపడుతూ లేచి నిలబడి. "తట్టడం వినబడింది. కానీ ఇది నా గది కాదు కదా. గదిగలవారు రాకుండా నేను రండి అని పిలవడం ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

ఇలా ఇటు మర్యాద, అటు మర్యాద కలిసి మధ్యనున్న తలుపును తెరుచుకోనివ్వలేదు. మన సంస్థలో తప్ప ఇంకెక్కడా ఇలాంటి పొరపాటు జరగదని ఢంకా బజాయించి చెప్పగలం. మిగిలిన కొద్దిసేపట్లో మాస్టారు చెప్పిన పాఠాన్ని విని, వెళ్ళబోతూ ఆ అధికారి అన్న మాటలను వారు తరచుగా తలచుకుంటారు. "మీ వరసలో అందరికీ క్రమశిక్షణ ఉంది మాస్టారూ. మర్యాద మాత్రం ఆ చివరి అమ్మాయి దగ్గర కనబడింది. మిగతావాళ్ళకీ అది వచ్చేదాకా ఈ పీరియడు ఉండాలనే చెప్తాను."

తరగతి నిలిచింది. మాస్టారు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, కోప్పడతారేమోనని ఆమె బిక్కుబిక్కుమంటూ నిలబడితే, "నువ్వు తలుపెందుకు తెరిచావో చెప్పమ్మా, నేను నేర్చుకోవాలి," అన్నారు.

"మా అమ్మమ్మ ఒకసారి స్నానాలగదిలో పడిపోయింది సార్," అంది ఆ అమ్మాయి. "పలకలేకపోయింది. మేం బయట నిలబడి పిలుస్తూనే ఉన్నాం, తీస్తుందిలే అని. చాలాసేపటికి గడియ విరగ్గొట్టారు. బతికిందనుకోండి. కానీ అప్పట్నించీ ఎవరైనా పలక్కపోతే నేను ఆగలేను."

మాస్టారు ఆ సాయంత్రమే మెడలోని ఈల తీసి తరగతి గదిలో నల్లబల్ల పక్కనున్న మేకుకు తగిలించారు. అది నేటికీ అక్కడే ఉంది. మర్నాటి నుంచి తలుపు పాఠం మారింది. లోపల మనిషి ఉన్నారు కనుక తడతాం. జవాబు రాకపోతే పేరుపెట్టి పిలుస్తాం. అప్పటికీ రాకపోతే, వస్తున్నామని చెప్పి తెరుస్తాం. ఎదుటివారికి ఏం కావాలో చూడటం ముందు, మన అంచెలు తర్వాత. ఇదంతా చెప్పి ఊరుకోకుండా, ఆ కంపెనీల నుంచి వచ్చిన ఫిర్యాదులను ఒక్కొక్కటే తరగతిలో నాటకంలా ఆడించేవారు. విసుక్కునే గృహిణి వేషం మాస్టారే వేసేవారు. వారి శ్రీమతిగారి గొంతు అచ్చుగుద్దినట్టు అనుకరించేవారని విద్యార్థులూ, అంత బాగా ఏమీ లేదని శ్రీమతిగారూ అంటారు.

ఆ తరగతిలో తయారైనవారు ఈరోజు ఎక్కడెక్కడో పనిచేస్తున్నారు. ఇంటివాళ్ళు మంచినీళ్ళిస్తే తాగిన గ్లాసు కడిగిపెట్టి వస్తారు. చెయ్యి జారి ఏదైనా పగిలితే దాన్ని బల్లకింద దాచకుండా, వాళ్ళు చూడకముందే వెళ్ళి చెప్తారు. "కానీ" అన్న మాట లేకుండా క్షమాపణ అడుగుతారు. తెలియనిది అడిగితే "కనుక్కుని చెప్తాను" అని, నిజంగానే కనుక్కుని చెప్తారు. జ్వరంతో పడుకున్న గదిమిత్రుడికి గంజి కాచి ఇచ్చి, పక్కన కూర్చుని, ఊరికే కబుర్లతో వేధించకుండా ఉండటం కూడా వాళ్ళకు వచ్చు. ఇవి గొప్ప విద్యలు కావని ఎవరైనా అంటే అనవచ్చు. ఇవి వచ్చినవారి పక్కన ఒక్కరోజు పనిచేసి చూస్తే ఆ మాట వారే వెనక్కి తీసుకుంటారు.

ఇక గడచిన ఏడాది సంగతి. ఈల మాస్టారి విరమణతోబాటే ఆ పీరియడును కూడా ముగించి, ఆ సమయాన్ని కొత్త యంత్రాల శిక్షణకు కేటాయించాలన్న ప్రతిపాదన వచ్చింది.  గోడ గడియారం పక్కకు ఒరిగి ఉన్నా చూడకుండా వెళ్ళిపోయిన రోజున, వారి మనసు ఎంత నలిగిందో మనకందరికీ అర్థమైంది. తాము లేని చోట ఆ తరగతి బతకాలన్నదే వారి కోరిక. దాన్ని అడగడమే వారి వల్ల కాలేదు. అడగడం ఎలాగో ఎందరికో నేర్పిన మనిషి డైరెక్టరుగారి గది దాకా వెళ్ళి, ఆవిడ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది గనక తట్టడానికి తలుపు కనబడక, "డస్టరు ఇక్కడేమైనా ఉందా మేడమ్?" అని అడిగి వెనక్కి వచ్చేశారు. మర్నాడు మళ్ళీ డస్టరు కోసమే వెళ్ళారు. ఆ వారంలో డైరెక్టరుగారు స్టోర్సుకు చెప్పి వారికి ఒక పెట్టెడు డస్టర్లు పంపించారు.

పెట్టె చూసి శ్రీమతిగారు విషయం రాబట్టారు. "పిల్లలకి చెప్తారుగా, మొదటి వాక్యంలోనే సంగతి చెప్పాలని. ముందు నా దగ్గర చెప్పండి చూద్దాం," అని భోజనాల బల్ల దగ్గర కళ్ళజోడు పెట్టుకుని డైరెక్టరుగారిలా కూర్చున్నారు. "ఊఁ, చెప్పండి మాస్టారూ, ఏం కావాలి?"

"ఆ పీరియడు ఆగిపోకూడదు మేడమ్. నా కోసం కాదు..."

"అదిగో, అక్కడే తప్పు," అని ఆవిడ ఆపేశారు. "మీ కోసం కూడానే. పిల్లలకి నిజం చెప్పమని నేర్పి, మీరు అబద్ధం ఎందుకు ఆడతారండీ? ఆ పని మీ ప్రాణం. ఆ ముక్కే చెప్పండి."

ఆ రాత్రి ఎంగిలిపళ్ళాలు మాస్టారే కడిగారని ఆవిడ చెప్పారు.

మర్నాడు డైరెక్టరుగారి గదిలో వారు డస్టరు మాట ఎత్తలేదు. "మేడమ్, ఆ పీరియడు నాతో ఆగిపోకూడదని అడగడానికి వచ్చాను. పిల్లలకి అది కావాలి. నాక్కూడా కావాలి, ఇన్నేళ్ళు చేసిన పని కనుక. కుదరదంటే అర్థం చేసుకుంటాను," అని, తాము నేర్పిన పద్ధతిలోనే ఆగి, ఊరుకున్నారు.

"మీరు అడుగుతారని నెలరోజులుగా చూస్తున్నాను మాస్టారూ," అన్నారు డైరెక్టరుగారు. "ఆపడం నాకూ ఇష్టం లేదు. కానీ మీ తర్వాత ఎవరు చెప్తారు? మనిషిని చూపించండి, పాలకమండలితో నేను మాట్లాడతాను."

ఆ మనిషి ఎవరో మాస్టారి మనసులో ఎప్పుడో స్థిరపడింది. అయినా పేరు చెప్పలేదు. ఒకరిని అడక్కుండా వారి తరఫున ఒప్పుకోకూడదన్నది వారి పాఠాల్లో ఒకటి. "కనుక్కుని చెప్తాను," అని బయటికి వచ్చి, నేరుగా వైరింగు విభాగానికి నడిచారు. అక్కడి ప్రస్తుత శిక్షకులు మరెవరో కాదు, నాడు వరస తప్పిన తొందరమ్మే. చదువు ముగించి, బయట కొంతకాలం పనిచేసి, మన సంస్థకే తిరిగి వచ్చి, ఎంతోకాలంగా మన సహోద్యోగులుగా ఉన్నారు. మాస్టారు విషయమంతా మొదటి వాక్యంలోనే చెప్పేశారు. ఆవిడ చేతిలోని టెస్టరు కింద పెట్టి, "చెప్తాను మాస్టారూ, తప్పకుండా చెప్తాను," అన్నారు.

"అంత ఇష్టముంటే నువ్వే వచ్చి అడగొచ్చుగా అమ్మా?"

"మీ గది కదా అని ఊరుకున్నాను," అన్నారావిడ నవ్వుతూ. "లోపల్నించి మీరే పలుకుతారని. ఇంకో వారం చూసి తలుపు తోసేసేదాన్నే."

పాలకమండలి అంగీకరించింది. పీరియడు నిలిచింది, వచ్చే విద్యా సంవత్సరం కాలపట్టికలో దానికి చోటు దొరికింది. మొన్న మాస్టారి చివరి తరగతి రోజున వారు కాస్త ఆలస్యంగా వచ్చారు. విద్యార్థులూ కొత్త శిక్షకులూ అప్పటికే లోపల ఉన్నారు. మొదటిసారిగా తాము బయట, తరగతి లోపల. అలవాటు పోతుందా, రెండు దెబ్బలు తట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, నిలబడ్డారు. లోపలి నుంచి "రండి" అన్న మాట వినిపించలేదు. వారికి ఆ పాత ఉదయం గుర్తొచ్చింది. పేరుపెట్టి పిలుద్దామని నోరు తెరిచేలోపే తలుపు తెరుచుకుంది. బెంచీల దగ్గర ఒక్కరూ లేరు. తరగతి తరగతంతా లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. వాళ్ళ వరస నానా వంకరగా ఉంది.

"రండి అని కూర్చున్నచోటి నుంచి పిలిస్తే సరిపోని మనుషులు కొందరుంటారని నిన్న చెప్పాను మాస్టారూ," అన్నారు కొత్త శిక్షకులు. "అలాంటివాళ్ళు తడితే లేచి వెళ్ళి తెరవాలని."

 ఆ వంకర వరసను సరిచేయాలన్న ఆలోచనే మాస్టారికి రాలేదు. ఇద్దరు విద్యార్థులు చెరో చెయ్యీ పట్టుకుని లోపలికి తీసుకువెళ్తే, చిన్నపిల్లాడిలా వెళ్ళి, వాళ్ళు చూపించిన చోట కూర్చున్నారు.

ఇంతటి సార్థక జీవనం గడిపిన ఈల మాస్టారికి సంస్థ యావత్తు తరఫున హృదయపూర్వక అభినందనలు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కేంత చూపు, వంటింట్లో శ్రీమతిగారి ఎదుట విద్యార్థిగా నిలబడేంత వినయం, వంకర గడియారం కనబడితే బల్లెక్కి సరిచేసేంత సత్తువ వారికి తరగకుండా ఉండాలి. ఆ దంపతులిద్దరూ నిండైన ఆరోగ్యంతో, ఒకరికొకరు తోడుగా, దీర్ఘకాలం సుఖంగా ఉండాలి. ఈ సంస్థ నుంచి వెళ్ళిన పిల్లలెవరో ఒకరు తరచూ వారి గుమ్మం దాకా వచ్చి రెండు దెబ్బలు తడుతూనే ఉంటారు. ప్రతిసారీ లేచి వెళ్ళి తలుపు తెరిచే ఓపికను కాలం వారికి ఉదారంగా ఇవ్వాలని మనసారా కోరుకుంటున్నాం.